మాట విన్నవాడు

నాచారంలో వాళ్ళుండే గల్లీలో సంజీవరావు గారి ఇంటికి మంచి పేరుండేది. ఆ ఇంటి పిల్లలను చూసి నేర్చుకొమ్మని తల్లులు తమ పిల్లల నెత్తిన మొట్టికాయలు వేసేవాళ్ళు. ఆ మొట్టికాయలు తిన్నవాళ్ళంతా కమలకుమారిని కొరకొరా చూసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు వచ్చినా ఆమె తండ్రి మాటకు ఒక్కసారి ఎదురు చెప్పింది లేదు. అందరూ దాన్ని బుద్ధి అనుకున్నారు. అది ఉత్త భయం. ఆ సంగతి కమలకు తెలుసు, పైకి చెప్పుకోవడానికి కూడా భయమే కాబట్టి ఊరుకునేది.

సంజీవరావు చెడ్డవాడు కాడు. ఈ ముక్క ముందే చెప్పకపోతే అతని మీద పళ్ళు నూరడానికి జనం సిద్ధంగా ఉంటారు. జనగామ వైపు పల్లె నుంచి పడుచువాడిగా వచ్చి, నాచారం ఫ్యాక్టరీల్లో ఫిట్టరుగా కుదురుకున్నాడు. మొదట్లో బాగా తాగేవాడు. ఒకనాడు చర్చి కూడికల్లో దేవుని వాక్యం విని సీసా వదిలేశాడు, మళ్ళీ ముట్టలేదు. రెండు గదుల ఇల్లు కట్టాడు, సంఘంలో పెద్ద అయ్యాడు. తనను నిలబెట్టింది కట్టడి అని అతని నమ్మకం. అందుకని ఇంటినంతా కట్టడిలో పెట్టాడు. పిల్లలను కొట్టింది తక్కువే. ఒక మాట అనేవాడు, అని కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో నిదానంగా తుడుచుకునేవాడు. ఆ తుడవడం అయ్యేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినబడేది కాదు.

తల్లి విక్టోరియా మల్లాపూర్‌లో ఒక బడిలో ఆయా. బడిలో గలగలా మాట్లాడుతూ, పసిపిల్లల ముక్కులు తుడుస్తూ, టీచరమ్మలతో పరాచికాలాడే మనిషి. ఇంటి గడప తొక్కగానే నోటికి తాళం పడేది. కూర ఏం వండాలన్నా, చుట్టాల పెళ్ళికి వెళ్ళాలన్నా "మీ నాయన ఏమంటడో" అనేది.

ఇక శాంసన్. కమల కన్నా మూడేళ్ళు పెద్ద. ఆ ఇంట్లో భయం లేకుండా మాట వినేది అతనొక్కడే. తల్లికీ చెల్లెలికీ మాట వినడం అంటే గుండె దడ, అతనికి మాత్రం అది అన్నం తిన్నంత తేలిక. ఇంటర్ మానెయ్యమంటే మానేశాడు. ఆటో తోలమంటే నాచారం నుంచి ఉప్పల్ దాకా షేర్ ఆటో తోలుతున్నాడు. నీలం చొక్కా తీసిచ్చి ఇది తొడుక్కో అంటే, అది చిరిగి ఉందని కూడా చూసుకోకుండా తొడుక్కునేవాడు. నవ్వు మొహం, చల్లని మనిషి. చెల్లెలంటే ప్రాణం. కమలకు కూడా ఈ లోకంలో పోగొట్టుకోవడానికి భయపడేంత ఆస్తి ఏదైనా ఉందంటే అది అన్నే.

అతనికి పదిహేనో ఏట నుంచి ఫిట్స్. డాక్టరు రాసిన గోలీలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటూ ఉంటే నాలుగేళ్ళుగా జబ్బు జాడ లేదు. ఉందన్న సంగతే మరిచిపోయారు. మరిచిపోవడమే కొంప ముంచింది.

రెండువేల పదకొండు ఎండాకాలంలో ఉప్పల్‌లో ఉజ్జీవ కూడికలు, అంటే పెద్ద ప్రార్థన సభలు, జరిగాయి. ఎవరో దైవజనుడు వచ్చి శాంసన్ నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. శాంసన్ కళ్ళ వెంట ధారలు కట్టాయి. తరువాతి ఆదివారం సాక్ష్యం చెప్పాడు. వాళ్ళ సంఘంలో అది ఆనవాయితీ. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, మేలు పొందినవాళ్ళు ముందుకొచ్చి మైకు పట్టుకుని అందరికీ చెప్పాలి. ఉద్యోగం దొరికినవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు, పోయిన సైకిలు దొరికినవాళ్ళు కూడా చెప్పేవాళ్ళు. శాంసన్ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడి, "నాకు ఫిట్స్ ఉండె. ప్రభువు బాగుజేసిండు. నాలుగేండ్ల సంది రాలె" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టింది. కమల కూడా మనస్ఫూర్తిగా కొట్టింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక సంజీవరావు గోలీల డబ్బా తెమ్మన్నాడు.

"ఇగ గోలీల ముచ్చట బంద్. సంఘం ముందట, దేవుని ముందట బాగైందని చెప్పినవ్. ఇప్పుడు గోలీ మింగితే అది అబద్ధ సాక్ష్యమైతది" అన్నాడు.

"సరే నాన్నా" అన్నాడు శాంసన్.

డబ్బాను భార్య చేతికిచ్చి మోరీ కాలవలో పారెయ్యమన్నాడు. కళ్ళద్దాలు తీశాడు. అంతే, విషయం ముగిసింది.

ఇందులో పాస్టరు గారి తప్పేమీ లేదు. ఆయన మానమని అనలేదు. ఆయన జేబులోనే షుగరు గోలీలు ఉంటాయని సంఘమంతటికీ తెలుసు. అసలు ఆయనను అడిగినవాళ్ళే లేరు. సాక్ష్యం చెప్పాక గోలీ వేసుకోవచ్చా అని పాస్టరును అడగడం అంటే సాక్ష్యం మీద అనుమానపడ్డట్టే కదా. ఆ పరువు లెక్కలు సంజీవరావువి.

వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం గడప మీద కూర్చుని అన్నాచెల్లెళ్ళు చాయ తాగుతున్నారు. ఉప్పల్ స్టాండులో ఎవరో ముసలమ్మ ఆటో ఎక్కి చిల్లర లేదని దీవెనలు ఇచ్చిపోయిన కథ చెబుతున్నాడు శాంసన్. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కళ్ళు పైకి పోయాయి. గ్లాసు వంగి చాయ కాలి మీద పడుతున్నా కదల్లేదు. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు ఆడుతున్నాయి. కమల "అన్నా, అన్నా" అంటూ భుజం పట్టుకుంది. కాసేపటికి కళ్ళు దిగాయి. కాలి వైపు చూసుకుని, "అరే, చాయ గిట్లెట్ల పడింది?" అన్నాడు. తనకేం జరిగిందో అతనికి తెలియదు. చూసింది కమల ఒక్కతే.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, తిండి లేదు. కళ్ళు మూసుకుంటే ఉప్పల్ రింగ్ రోడ్డు కనిపించేది. వరంగల్ బస్సులు, ఇసుక లారీలు, వాటి మధ్య అన్న ఆటో. వెనక సీట్లో ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు. అన్న కళ్ళు పైకి పోతాయి. అక్కడితో ఆమె లేచి కూర్చునేది.

తండ్రికి చెప్పాలి. అంతకు మించి దారి లేదు. పనిలో రోజంతా మాటలు కూర్చుకుంది. సాయంత్రం సంజీవరావు భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడింది. 

"నాన్నా..."

"ఏంది?"

"కూరల ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

అంతే. వెనక్కి తిరిగి వంటగదిలోకి వెళ్ళి తన చెంప తానే వాయించుకుంది. తనంటే తనకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

కమల నాచారం పారిశ్రామికవాడలో ఒక బట్టల కంపెనీలో చేసేది. కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. పక్క స్టూలు మీద మానస. భువనగిరి వైపు పిల్ల, మాటల పుట్ట. ఆ ఏడాది తెలంగాణ కోసం ఎక్కడ చూసినా బందులు, ర్యాలీలు. తార్నాక దగ్గర పోలీసులు అడ్డం వేసిన ఇనుప కంచె ఎక్కి నినాదాలు ఇచ్చినవాళ్ళలో మానస కూడా ఉంది. మోచేతి మీద లాఠీ దెబ్బ కమిలిన గుర్తు అందరికీ చూపించుకునేది. కమల కళ్ళకు ఆమె ఝాన్సీరాణి.

"పోలీసోల్లకు ఎదురు నిలబడ్డవ్ గద, నీకు భయం గాలేదా?" అని అడిగింది కమల.

"పోలీసోడు మా ఇంట్ల ఉంటడా ఏంది? గాయనకు ఎందుకు భయపడాలె?"

"మరి మీ నాన్న ఏమన్నడు, దెబ్బ జూసి?"

మానస కత్తెర ఆపి అటూ ఇటూ చూసింది. "మిషన్ తాకిందని చెప్పిన. ర్యాలీకి పోయిన రోజు ఓవర్ టైం అని చెప్పిన. పాగల్‌దానివా, నాన్నకు ఎవరన్న చెప్తరా? సంపేస్తడు."

సర్కారును గడగడలాడించే పిల్ల తండ్రి పేరెత్తితే గొంతు తగ్గించింది. కమలకు నవ్వు రావాలి, ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే అన్న సంగతంతా చెప్పేసింది. మానస కళ్ళు తుడిచి, తనకు తెలిసిన ఉపాయం చెప్పింది.

"నువ్వు మీ నాన్నకు చెప్పుడెందుకు? మీ అన్నకు చెప్పుడెందుకు? గోలీ నూరి చాయల కలిపియ్యి. చెప్పకుండ చేస్తే ఎదురు చెప్పినట్టు గాదు గదా."

ఈ తెలివి మానస ఒక్కదానిదే కాదు. ఆ కంపెనీలో స్టూళ్ళ మీద కూర్చున్న ఆడపిల్లలందరూ దీని మీదే బతికేవాళ్ళు. ఒకతె ఫోను దాచేది, ఒకతె ప్రేమ దాచేది, ఒకతె చర్చి కట్టడికి తీసేసిన చెవికమ్మలు కంపెనీలో పెట్టుకునేది. పెద్దల ముందు తల ఊపాలి, పక్కకు వచ్చి తన పని తాను చేసుకోవాలి. ఎవరికీ నొప్పి ఉండదు. కమలకు అది దేవుడు పంపిన దారిలా అనిపించింది.

నాచారంలో కొంటే ఎవరైనా చూస్తారని ఏఎస్ రావు నగర్ దాకా వెళ్ళి మందుల షాపులో గోలీలు కొన్నది. చిన్నప్పటి నుంచి అన్నకు తెచ్చిపెట్టింది తనే కాబట్టి పేరు నోటికొచ్చు. చపాతీ కర్ర చివరతో నూరి, పొద్దున చాయలో ఒకటి, సాయంత్రం చాయలో ఒకటి కలిపి ఇవ్వసాగింది.  తలుపు చప్పుడైతే గ్లాసు మీద మూత పెట్టేది.

"చాయ చేదైతుందేందే?" అన్నాడు శాంసన్.

"ఆకు మారింది అన్నా. తాగు."

"నా నాలుకే ఖరాబైంది గావచ్చు. మజ్జిగ గూడ చేదు కొడుతుంది" అని గ్లాసు ఖాళీ చేశాడు. ఇచ్చింది పారబోయగూడదని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు మరి.

కొద్దిరోజులు బాగానే గడిచింది. కళ్ళు పైకి పోవడం మళ్ళీ కనబడలేదు. కమల కడుపునిండా తిన్నది, నిద్రపోయింది. మానసకు మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. ఎవరినీ నొప్పించకుండా అన్నను కాపాడుకున్నానని లోలోపల కొంత గర్వం కూడా కలిగింది.

తరువాత శాంసన్ ఆవలించడం మొదలుపెట్టాడు. కూర్చుంటే కునుకు. లేస్తే తూలు. గల్లీలో నడిచి వస్తుంటే పడవలో నిలబడ్డవాడిలా అటూ ఇటూ ఊగేవాడు. మాట ముద్దగా వచ్చేది. ఒక పొద్దున తల దువ్వుకుంటూ, "కమలా, రోడ్డు రెండు గనిపిస్తుందే నాకు. ఏది అసలుదో తెలుస్తలేదు" అని నవ్వాడు. 

జబ్బు ముదిరిందనుకుంది కమల. గోలీ చాలడం లేదనుకుంది. మరింకేమనుకుంటుంది? మర్నాటి నుంచి సాయంత్రం చాయలో రెండు నూరి కలిపింది.

సంజీవరావుకు తన పాత రోజులు గుర్తొచ్చి కొడుకు మీద అనుమానం పుట్టింది. ప్రార్థనకు కూర్చున్నప్పుడు దగ్గరికి పిలిచి, మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. వాసన రాలేదు.  శుక్రవారం ఇంటిల్లిపాదీ ఉపవాసం అన్నాడు. శాంసన్ ఆ శుక్రవారం మంచినీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాడు.

శనివారం పొద్దున ఆటో తుడుస్తున్న అన్న దగ్గరికి వెళ్ళింది కమల. గుడ్డ పట్టుకున్న చెయ్యి అద్దం మీద కాకుండా గాలిలో తిరుగుతోంది.

"అన్నా, ఇయ్యాల పోకు. నీ పానం మంచిగలేదు."

"నాన్న పొమ్మన్నడు గదా."

"కండ్లు తిరుగుతున్నయని చెప్పు."

"ఎట్ల చెప్పాలె?" శాంసన్ మొహం చిన్నబోయింది. "సాక్ష్యం చెప్పినోన్నే నేను. నా ప్రార్థనల్నే ఏదో లోపం ఉన్నట్టుంది. నేను సరిగ్గ చేస్తె తగ్గుతది."

అసలు సంగతి కమల నోటిదాకా వచ్చింది. గోలీలు ఇస్తున్నానని చెప్పేస్తే? ఈ మనిషి నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాడు. అబద్ధం ఆడడం అతనికి రాదు. ఆమె చెప్పలేదు. పనికి నాగా పెట్టి ఆటోలో ముందు సీటులో అన్న పక్కన ఇరికి కూర్చుంది. ఎందుకని అన్న అడిగితే ఉప్పల్‌లో గుడ్డ కొనాలని అబద్ధమాడింది.

నాచారం చౌరస్తాలో ముగ్గురు ఎక్కారు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పెద్దాయన. బండి కదిలింది. కమల కళ్ళు రోడ్డు మీద లేవు, అన్న కళ్ళ మీద ఉన్నాయి. ఆ కళ్ళు ఒక చోట నిలవడం లేదు, ఊయల ఊగినట్టు పక్కకు జరిగి వెనక్కి వస్తున్నాయి. ఇట్లాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు.  హబ్సిగూడ మలుపు దాటి ఉప్పల్ రోడ్డెక్కారు. ఎదురుగా రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది.

"అన్నా, లారీ."

"ఏ లారీ? రెండున్నయి."

ఆమె హ్యాండిలు మీద పడి అటువైపు లాగింది. ఆటో లారీ వెనక మూలను గీసుకుంటూ పోయి, ఎగిరి, పక్కకు ఒరిగింది. వెనక ఆడవాళ్ళ కేకలు. పెద్దాయన నుదురు చిట్లింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు, అది ఆ రోజు జరిగిన ఒకే ఒక్క మంచి. జనం మూగారు. శాంసన్‌ను బయటికి లాగి నిలబెడితే మోకాళ్ళు మడతపడి కూలబడ్డాడు. నోటి నుంచి ముద్ద మాటలు.

"పొద్దుగాల్నే తాగిండు సూడున్రి లంజకొడుకు" అని ఎవరో చెంప మీద కొట్టారు.

"తాగలే, మా అన్న తాగడు, పానం బాగలేదు" అని కమల అడ్డం పడి అరిచింది. ఆమె అరుపు ఆమెకే కొత్త. ఆ ఆడవాళ్ళలో ఒకామె జాలిపడి మరో ఆటోను ఆపింది. ఉప్పల్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానకు చేర్చేసరికి శాంసన్ పిలిచినా పలకడం లేదు.

సంజీవరావు డ్యూటీ డ్రెస్సులోనే పరుగెత్తుకొచ్చాడు. విక్టోరియా బడి నుంచి చెప్పులు లేకుండా వచ్చింది. డాక్టరు పద్మశ్రీ వయసులో చిన్నది, మనిషి చురుకు. శాంసన్ కళ్ళలోకి లైటు వేసి చూస్తూనే అడిగింది.

"ఇంతకుముందు ఏమైనా జబ్బుందా?"

"ఫిట్స్ ఉండె డాక్టరమ్మా. బాగైంది" అన్నాడు సంజీవరావు.

"మందులు?"

"ఎండాకాలం నుంచి ఒక్క గోలీ గూడ ఏస్కుంట లేడు." ఆ మాట అతను గట్టిగా, నిటారుగా నిలబడి చెప్పాడు.

డాక్టరు పెదవి కొరుక్కుంది. "మానేస్తే రాకేం చేస్తాయి? ఫిట్స్ వచ్చి ఉంటాయి" అని, పాత మందు పేరు అడిగి తెలుసుకుని నర్సు వైపు తిరిగి, అదే మందును సూదిలో ఎక్కువ మోతాదు ఎక్కించడానికి సిద్ధం చెయ్యమంది. నర్సు మందు సీసా మెడ విరిచింది.

అదే మందు. కమల చెవుల్లో ఆ ఒక్క ముక్క గింగిరాలు కొట్టింది. అన్న ఒంట్లో ఆ మందు ఉంది. తను పోసింది. చెప్పాలి. ఎదురుగా తండ్రి, ఇప్పుడే ఒక్క గోలీ లేదని పరాయివాళ్ళ ముందు మాట ఇచ్చిన తండ్రి.   ఉప్పు సరిపోయిందా అని అడిగిన రోజు లాగే అయిపోతుందేమోనని ఆమెకు ప్రాణభయం పట్టుకుంది. నర్సు సూదిలోకి మందు లాగుతోంది.

"వద్దు" అంది కమల.

అందరూ తిరిగి చూశారు.

"వద్దు డాక్టరమ్మా. నేనిస్తున్న. ఆ గోలీలు నేనిస్తున్న. చాయల నూరి కలుపుతున్న. అన్నకు తెల్వది, ఎవ్వరికి తెల్వది."

తండ్రి వైపు చూడలేదు. చూస్తే నోరు పడిపోతుందని తెలుసు.

"ఎన్ని?" అంది డాక్టరు.

"పొద్దుగాల ఒకటి, పొద్దూకినంక ఒకటి. మొన్నటి సంది ఇంకోటి ఎక్కువ."

డాక్టరు నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. శాంసన్ కళ్ళు మళ్ళీ చూసింది. మందు ఎక్కువైన లక్షణాలే ఇవన్నీ అంది. కానీ తల అడ్డంగా ఊపింది. "ఒక గోలీ ఎక్కువిస్తే ఇంతలా పడిపోడు. ఇంకేదో ఉంది."

గోడకు ఆనుకుని ఉన్న విక్టోరియా కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత తీసింది. ఆమె గొంతు గుసగుసగానే వచ్చింది.

"నేను గూడ ఇస్తున్నమ్మా. ఆయన పారెయ్యమన్న గోలీలు పారెయ్యలే. బియ్యం డబ్బాల దాచిన. సద్ది డబ్బా కూరల ఒకటి, రాత్రి మజ్జిగల ఒకటి. అయిపోతె మళ్ళ కొన్న."

కమల తల్లిని చూసింది. తల్లి కమలను చూసింది. ఒకే వంటగది, ఒకే పొయ్యి, ఒకే చపాతీ కర్ర. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచుకుని, ఒకరి తరువాత ఒకరు నూరి అదే మనిషికి తాగించారు. తూలుతుంటే చాలలేదని తను ఇంకా పోసింది. కమల గోడ పట్టుకుంది.

"ఇంకెవరైనా?" డాక్టరు గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. "చెప్పండి. మందు ఎంత పోయిందో తెలియకపోతే నేనేం చెయ్యలేను."

 సంజీవరావు మంచం చివర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.  కమల జీవితంలో మొదటిసారి తండ్రి మెడ వంగడం చూసింది.

"డ్యూటీ దిగినంక ఇద్దరం కలిసి హోటల్ల చాయ తాగుతం" అన్నాడు. "ఆ చాయల ఒకటి."

"మీరా?" అంది డాక్టరు.

"ఒకనాడు నా ముందటనే కండ్లు తేలేసిండు. భయమైంది. పీర్జాదిగూడ పోయి గోలీలు తెచ్చిన. సంఘంల తెలిస్తె ఏమైతదో అని... ఇంట్ల తెలిస్తె ఏమనుకుంటరో అని..." 

డాక్టరు పద్మశ్రీ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "మీరంతా ఒకే ఇంట్లో ఉంటారా?" అని అడిగింది. వెక్కిరింపుగా అడగలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. 

రెండు రోజులు శాంసన్ గండంలో ఉన్నాడు. ఆ రెండు రోజులూ వరండా బెంచీ మీద ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కమలకు తండ్రి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎంత పెద్దదో చూసి ఆమే జడుసుకుంది. ఇరవై రెండేళ్ళు ఎవరికి భయపడింది? ఆ మనిషి కూడా వేరెవరికో భయపడి హోటలు చాయలో పొడి కలుపుతున్నాడు. చెప్పినవాడే వినని మాటను ఆ ఇంట్లో విన్నవాడు ఒక్కడే, వాడు లోపల గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు.

మూడో రోజు శాంసన్ కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. మరికొన్ని రోజులకు లేచి కూర్చున్నాడు. ఒళ్ళు తగ్గింది, మాట స్పష్టంగా వస్తోంది. జరిగిందంతా విక్టోరియా ఏడుస్తూ చెబితే విన్నాడు. కోపగించుకోలేదు. "అందుకేనా అన్ని చేదైనయి" అన్నాడు.

ఒంట్లో మందు దిగిపోయిందని, ఇక లెక్క ప్రకారం మళ్ళీ మొదలుపెట్టాలని డాక్టరు రాసింది. నర్సు వచ్చి అతని అరచేతిలో ఒక గోలీ పెట్టి, నీళ్ళ గ్లాసు ఇచ్చి వెళ్ళింది. శాంసన్ గోలీని చూశాడు. తండ్రిని చూశాడు.

"ఏస్కోవాల్నా నాన్నా? సాక్ష్యం చెప్పిన గదా. అబద్ధం గాదా?"

  సంజీవరావు లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. విక్టోరియా అలవాటు కొద్దీ భర్త వెళ్ళిన దిక్కు చూసింది.

గోలీ అరచేతిలోనే ఉంది. ఆ చెయ్యి పైకి లేవడం లేదు. ఎవరూ చెప్పకపోతే సాయంత్రం దాకా, రేపటి దాకా అన్న అలాగే పట్టుకుని కూర్చుంటాడని కమలకు అర్థమైంది. ఆమె మంచం మీద అతని పక్కన కూర్చుంది.

"ఎవర్నీ అడగకు అన్నా. నీకేమనిపిస్తుందో అది చెయ్యి."

శాంసన్ చెల్లెలి మొహంలోకి చూశాడు.  వెతికితే దొరకని వస్తువు కోసం వెతుకుతున్నట్టు ఆ చూపు అటూ ఇటూ తిరిగింది.

"నాకేమనిపిస్తది?" అన్నాడు. "నాకు తెల్వదే. నువ్వే చెప్పు. ఏస్కోనా?"

 ఉప్పల్ రోడ్డు మీద లారీ కనబడినప్పుడు కూడా కమలకు ఇంత భయం వెయ్యలేదు. వద్దు అంటే వద్దనే ఊరుకుంటాడు. ఇప్పుడు తను ఏం అంటే అది. కానీ గోలీ కడుపులో పడకపోతే అన్న దక్కడు.

"ఏస్కో" అంది.

శాంసన్ వెంటనే నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. తాగి, ఆమె వైపు తిరిగి నోరు బార్లా తెరిచి, మింగేశానని చూపించాడు. చూపించమని ఆమె అడగలేదు.